పక్కింటి నీళ్ళు, వీధి మురుగు: డెల్టా పట్నంలో ఫిర్యాదు చేయవలసిన తీరు

భీమవరం వంటి పట్నంలో ఇరుగుపొరుగుల మధ్య వచ్చే తగవులలో చాలా భాగం నీటి దగ్గరే మొదలవుతాయి. డెల్టా నేల ఎంత చదునుగా ఉంటుందంటే, ఒకరు తమ స్థలానికి జానెడు మెరక వేసుకుంటే వారి వాన నీరు పక్కవారి దొడ్డిలోకి నడుస్తుంది. పాత రోడ్డు మీదనే కొత్త రోడ్డు వేస్తూ రావడం వల్ల ఒకప్పుడు వీధికి ఎత్తులో ఉన్న అరుగులు ఇప్పుడు వీధికి దిగువన పడ్డాయి. కొత్తగా కట్టుకునేవారు ఆ రోడ్డు కంటే మరో రెండు మూడడుగుల ఎత్తున పునాది లేపుతున్నారు. రెండు కొత్త మేడల నడుమ మిగిలిపోయిన పాత పెంకుటింటివారికి ఆషాఢం వచ్చిందంటే నిద్ర ఉండదు. 2011 జనాభా లెక్కల నాటికే లక్షా నలభై వేలు దాటిన ఊరు, 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా అయిన ఊరు, ఇంకా ఇరవై అడుగుల వీధులలోనే సర్దుకుంటున్నప్పుడు మాటా మాటా రావడంలో వింత లేదు. వింత ఏమిటంటే, అంత కోపంతో చేసిన ఫిర్యాదులలో చాలావాటిని, వాటితో సంబంధం లేని అధికారికి ఇచ్చి వస్తుంటాము.

అందువల్ల ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒక్కటే: అర్జీ రాయడానికి కూర్చోకముందు ఆ సమస్య ఎవరి పరిధిలో ఉన్నదో తేల్చుకోవాలి. అది తేలితే ఎవరితో మాట్లాడాలో, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో వాటంతటవే తేలతాయి.

అడ్డం ఎక్కడ ఉన్నది

ఈ సలహా నాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ళ క్రితం మా గేటు ముందు మురుగు నిలిచిపోతుంటే పురపాలక సంఘానికి మూడు అర్జీలు పెట్టాను. మొదటి రెండింటిలో పక్కింటివారు వేసిన మెరకనే కారణంగా చూపించాను. ఆ ఇంటి పెద్దాయన నాతో మాటలు మానేశారు. మూడోసారి వచ్చిన శానిటరీ మేస్త్రీ అర్జీ చదవనే లేదు. గునపం తీసుకుని మా గుమ్మం ముందు కాలువ మీద మేము వేయించుకున్న సిమెంటు ర్యాంపు కిందికి నాలుగుసార్లు పొడిచి, "అయ్యగారూ, పూడిక మీ ర్యాంపు కిందే ఉందండి, పార దూరడానికి సందు లేదు" అన్నాడు. ర్యాంపు పగలగొట్టించి, తీసి పెట్టుకునే పలకలు వేయించిన రోజున నీరు కదిలింది. పెద్దాయనతో మాటలు కలవడానికి మాత్రం మరో సంక్రాంతి పట్టింది.

కాబట్టి నీటి తగవులో మొదటి పని కారణాన్ని కళ్ళతో చూడడం. వాన వెలిసిన గంటలోపు వీధి చివరి నుంచి చివరి వరకు నడిచి, నీరు ఎక్కడ కదులుతున్నదో, ఎక్కడ ఆగిందో గమనించాలి. కాలువలో ఎగువన ఒక బకెట్టు నీటిలో బట్టల నీలిమందు కలిపి పోస్తే, ఆ రంగు ఎన్ని గుమ్మాలు దాటి ఎక్కడ మాయమైనదో చూసి అడ్డం ఏ ర్యాంపు కింద ఉన్నదో చెప్పవచ్చు. రెండు స్థలాల ఎత్తుల మధ్య తేడా గురించి వాదన ఉంటే తాపీ మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపుతో పది నిమిషాలలో తేలిపోతుంది. ఆ కొలత ఇద్దరి ఎదుట తీయించడం మంచిది, ఎందుకంటే ఒకరు తీయించిన కొలతను రెండోవారు ఎన్నడూ ఒప్పుకోరు.

కారణం కనబడిన తరువాత అది ఎవరి పరిధిలోదో చూడాలి. ప్రహరీ లోపలిదైతే, అంటే చూరు నీళ్ళు, స్నానాలగది గొట్టం, సెప్టిక్ ట్యాంకు ఊట, కొబ్బరి మట్టలు వంటివైతే, అది ఆ ఇంటివారిది. వీధి కాలువ, వీధి దీపం, కుళాయి, చెత్త పురపాలక సంఘానివి. పట్నం మధ్యగా పోయే యనమదుర్రు డ్రెయిన్ వంటి పెద్ద మురుగు కాలువలు మాత్రం పురపాలక సంఘానివి కావు. అవి జలవనరుల శాఖలోని డ్రైనేజీ విభాగం చేతిలో ఉంటాయి. డ్రెయిన్ నిండి, గుర్రపుడెక్క పట్టి, వీధి కాలువలలోని నీటిని తీసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు వార్డు ఉద్యోగిని ఎంత నిలదీసినా అతను చేయగలిగేది లేదు. అలాగే ప్రధాన రహదారి పక్కన ఉన్నవారు ఆ రోడ్డు ఎవరిదో ముందుగా కనుక్కోవాలి. ఊరిలోని అన్ని రోడ్లూ పురపాలక సంఘానివి కావు. కొన్ని రోడ్లు భవనాల శాఖవి, జాతీయ రహదారికి మళ్ళీ వేరే ఇంజనీర్లు ఉంటారు.

గుమ్మం ఎక్కి మాట్లాడడం

సమస్య పొరుగింటివారిదని తేలినప్పుడు కాగితానికి ముందు మాటే రావాలి. మాట్లాడడానికి వెళ్ళే వేళను కూడా ఎంచుకోవాలి. వాన పడి, ఇంట్లోకి నీరు వచ్చి, మోకాళ్ళ దాకా చీర ఎత్తుకుని నిలబడిన వేళ ఎవరూ నెమ్మదిగా మాట్లాడలేరు. వారింట అల్లుడు ఉన్నప్పుడు, పూజ జరుగుతున్నప్పుడు, ఇంటాయన కొలువు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నప్పుడు వెళ్ళకూడదు. ఆదివారం ఉదయం టిఫిన్లు ముగిసిన తరువాతి గంట మా ప్రాంతంలో ఇటువంటి పనులకు అనువైనదని నా అనుభవం.

ఎవరు మాట్లాడాలన్నది రెండో ప్రశ్న. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలో, కాలేజీ చదివే కుర్రవాడో వెళితే ఎదుటివారు దానిని అమర్యాదగా తీసుకునే అవకాశం ఉంది. మాటల పరిచయం ఉన్న పెద్దవారు వెళ్ళడం మేలు. "బాబాయిగారూ, మొన్నటి వానకు మీ మేడ గొట్టం నీళ్ళు మా వంటింటి గోడ మీద పడ్డాయండి, గోడ ఉబ్బిపోతోంది, ఒక్కసారి మా వైపు వచ్చి చూస్తారా" అని అడిగిన మాటకు, "మీ నీళ్ళతో మా ఇల్లు కూలిపోతోంది" అన్న మాటకు మధ్య ఉన్న దూరం ఎవరికైనా తెలిసినదే. ఎదుటివారిని మన దొడ్డిలోకి పిలిచి చూపించడమే ఇందులోని కిటుకు. తమ గొట్టం పక్కింటివారికి ఎలా కనబడుతున్నదో చాలామంది ఎన్నడూ చూసి ఉండరు.

వెళ్ళేటప్పుడు పరిష్కారం కూడా వెంట తీసుకువెళ్ళాలి. గొట్టానికి ఒక వంపు, మరో పది అడుగుల పీవీసీ పైపు కలిపితే నీరు వీధి కాలువలోకి పోతుందని ప్లంబరును ముందే అడిగి, అయ్యే ఖర్చు కనుక్కుని వెళితే మాట పది నిమిషాలలో ముగుస్తుంది. కొన్నిసార్లు ఆ ఖర్చులో సగం మనం పెట్టుకోవడం కూడా లాభమే. తప్పు వారిదైనప్పుడు మనమెందుకు పెట్టుకోవాలి అని అడిగేవారు, ఉబ్బిన గోడకు తిరిగి ప్లాస్టరింగు చేయించడానికి ఎంత అవుతుందో కూడా లెక్క వేసుకోవాలి.

కుదిరిన మాటను ఆ రాత్రే ఫోనులో సందేశంగా పంపడం మరచిపోకూడదు: "బాబాయిగారూ, ఇవాళ అనుకున్న ప్రకారం వచ్చే ఆదివారానికి పైపు మార్పిస్తామన్నారు, చాలా సంతోషమండి." ఇది మర్యాదకు మర్యాద, తేదీతో కూడిన ఆధారానికి ఆధారం. అదే ఫోనులో వీధి వాట్సాప్ బృందానికి పక్కింటివారి మురుగు ఫొటో పెట్టడం మాత్రం చేయరాని పని. నలుగురి ఎదుట పడిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోరు. పైగా ఆ ఫొటో కింద ఎవరో రాసిన నోటిదురుసు మాటకు కూడా పెట్టినవారే జవాబుదారీ అయినట్లు కనబడతారు.

మాట వినకపోతే ఎంత కాలం ఓపిక పట్టాలన్న ప్రశ్నకు ఒక చట్టపు సంగతి తెలిసి ఉండాలి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒకరు ఇరవై ఏళ్ళపాటు బహిరంగంగా, ఏ ఆటంకమూ లేకుండా, హక్కుగా పక్క స్థలం మీదికి నీరు వదులుతూనో, అటు నుంచి గాలి వెలుతురు పొందుతూనో వస్తే అది వారికి హక్కుగా స్థిరపడవచ్చు. చూరు నీళ్ళ విషయంలో మా తాతల నాటి తగవులు ఇందుకే అంత పట్టుదలగా నడిచేవి. అనుమతితో జరిగిన దానికి ఈ హక్కు పుట్టదు. కనుక ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నా సరే, "ప్రస్తుతానికి మా అనుమతితో" అన్న ఒక్క మాట కాగితం మీద ఉంచుకోవడం ముందుచూపు అవుతుంది.

కొబ్బరిచెట్టు సంగతి వేరుగా చెప్పాలి. మన రేకుల మీద కాయ పడితే రేకు పగులుతుంది, మనిషి మీద పడితే ప్రాణమే పోవచ్చు. అయినా పక్కింటి చెట్టు మట్టలను మనంతట మనం నరికించడం పెద్ద తగవుకు దారి తీస్తుంది. దింపు తీసే మనిషి వీధిలోకి వచ్చిన రోజున చెట్టు గలవారిని అడిగి, ఎండు మట్టలు, మన వైపు గెలలు ముందుగా దింపించమనడం తేలిక. కూలి ఇద్దరూ పంచుకోవడం వాడుక. మట్టలు కరెంటు తీగలను తాకుతుంటే మాత్రం ఎవరి చేతా నరికించకుండా 1912కు ఫోను చేసి చెప్పాలి. సరఫరా ఆపి లైన్‌మెన్ చేయవలసిన పని అది.

కాగితం రాయవలసిన తీరు

పురపాలక సంఘానికి చేసే ఫిర్యాదు మొదట వార్డు సచివాలయానికి వెళ్ళడం మంచిది. 2019లో ఏర్పడిన ఈ సచివాలయాలలో ఒక్కో పనికి ఒక్కో కార్యదర్శి ఉన్నారు. చెత్త, కాలువ పూడిక, దోమలు పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శివి. కుళాయి, కాలువ నిర్మాణం, రోడ్డు గుంతలు, వీధి దీపాలు వంటివి సదుపాయాల కార్యదర్శి చూస్తారు. ప్లాను లేకుండా లేదా ప్లానుకు విరుద్ధంగా సాగే కట్టడాల విషయం ప్లానింగు కార్యదర్శిది. అక్కడ నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదు ఆ ఉద్యోగి జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది, ఆ జ్ఞాపకం మీద మరో వందమంది ఫిర్యాదులు కూర్చుంటాయి. కాబట్టి కాగితం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి.

మంచి అర్జీకి ఒక పేజీ చాలు. పక్కింటివారి పూర్వోత్తరాలు, వారి కొడుకు నడవడి, గత ఎన్నికలలో వారు ఎవరి వెంట తిరిగారన్నది అందులో ఉండకూడదు. ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. కాలువ, కుక్కలు, వీధి దీపం కలిపి రాసిన అర్జీ ముగ్గురు కార్యదర్శుల బల్లల మధ్య తిరిగి చివరకు ఎవరి దగ్గరా ఉండదు. కాలువ పూడిక గురించి ఇలా రాయవచ్చు:

"పురపాలక సంఘ కమిషనర్ గారికి, ఫలానా వార్డు, ఫలానా వీధి నివాసులమైన మేము నమస్కరించి వ్రాసుకొను అర్జీ. మా వీధిలో ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు సుమారు నలభై మీటర్ల పొడవున కాలువ పూడిపోయి, ఈ నెల 6వ తేదీ నుంచి మురుగు రోడ్డు మీదికి వస్తున్నది. 9వ తేదీ ఉదయం 7 గంటలకు తీసిన రెండు ఫొటోలు జతపరచినాము. రెండు ర్యాంపుల కింద పూడిక తీయడానికి వీలు లేనందున వాటిని తొలగించేందుకు ఆ ఇంటివారు అంగీకరించినారు. కావున కాలువ పూడిక తీయించి, తీసిన మట్టిని అదే రోజున ఎత్తించవలసినదిగా కోరుచున్నాము."

చివరి వాక్యంలోని మట్టి ఎత్తించే మాటను తేలికగా తీసుకోవద్దు. తీసిన పూడికను గట్టు మీద వదిలి వెళ్ళడం, మరుసటి వానకు అది తిరిగి కాలువలోకి జారడం మా ఊరిలో ఏటా జరిగే తంతు. సంతకాలు వీలైనంతమందివి, ముఖ్యంగా తగవు పడుతున్న ఇద్దరివీ ఉంటే ఆ అర్జీకి ఉన్న బరువే వేరు.

పదిహేను రోజులలో కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళవచ్చు. జిల్లాగా మారకముందు కలెక్టరు గారికి అర్జీ ఇవ్వడానికి ఏలూరు బస్సెక్కవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పని భీమవరంలోనే అవుతుంది. 1100కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఏ దారిలో వెళ్ళినా అర్జీకి ఒక నంబరు వస్తుంది, దానిని మొదటి అర్జీ ప్రతితో కలిపి దాచుకోవాలి. పని జరగకుండానే "పరిష్కరించబడినది" అని సందేశం వస్తే కోపగించుకుని ఊరుకోకూడదు. ఆ నంబరు మీదనే తిరిగి తెరవమని కోరాలి, ఆనాటి తేదీ ఉన్న ఫొటో జతచేయాలి.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పురపాలక కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇచ్చి, "ఫలానా నంబరు అర్జీపై తీసుకున్న చర్యల నకలు, ఈ సంవత్సరం మా వార్డులో పూడికతీతకు ఇచ్చిన పని ఉత్తర్వుల నకలు" అడగాలి. ఎందుకు చేయలేదని అడగకూడదు. ఆ చట్టం కింద కాగితాలు దొరుకుతాయి గాని సంజాయిషీలు దొరకవు. ముప్ఫై రోజులలో జవాబు రావాలి, రాకపోతే తరువాతి ముప్ఫై రోజులలో అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి అప్పీలు చేసుకోవాలి. దరఖాస్తు చేరిన వారంలోనే కాలువ దగ్గరకు మనుషులు వచ్చిన సందర్భాలు నేను చూశాను.

కుళాయి, కరెంటు

వేసవిలో పంట కాలువలు కట్టేసిన తరువాత, అంటే వాటికి నీరు వదలడం ఆపేసిన తరువాత, పట్నానికి నీరు మంచినీటి చెరువుల నుంచే వస్తుంది. కుళాయి వదిలే సమయం తగ్గుతుంది, ఆ కొద్ది సమయంలో ఎగువ ఇంటివారు కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగితే దిగువ వారి బిందెలో గాలి తప్ప మరేమీ పడదు. ఇది నిబంధనలకు విరుద్ధం. అయితే అధికారులు తనిఖీకి వచ్చేసరికి మోటారు ఉండదు, వచ్చినవారిని పిలిచినవారు ఎవరన్నది మాత్రం వీధి అంతటికీ తెలుస్తుంది. నేను సూచించేది ఒక్కరి పేరు లేకుండా వీధి మొత్తం తరఫున "కుళాయి వదిలే వేళలో తనిఖీ జరపండి" అని అర్జీ పెట్టడం. ఇళ్ళవారందరూ నేల మట్టంలో తొట్టి కట్టుకుని, కుళాయి నీటిని మొదట తొట్టిలో పట్టి, మోటారును తొట్టికే పెట్టుకుంటే ఈ తగవు పుట్టదు. మా వీధిలో అందరూ అలా కట్టుకోవడానికి రెండు వేసవులు పట్టింది.

ఓల్టేజీ చాలకపోతే పక్కింటి ఏసీని తిట్టుకోవడం కంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చాలడం లేదని విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో రాతపూర్వకంగా చెప్పడం మేలు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు 1912తోపాటు వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక కూడా ఉంది. 2003 విద్యుత్ చట్టమే ప్రతి పంపిణీ సంస్థా అటువంటి వేదికను నెలకొల్పాలని చెప్పింది. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే దానిపై విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు అవసరం లేదు.

చప్పుడు

సంక్రాంతి నెలలో మావుళ్ళమ్మవారి ఉత్సవాలు జరిగే ఊరిలో ఉంటూ మైకు వద్దనే అధికారం తనకు ఉన్నదని ఎవరూ అనుకోకూడదు. అయితే దానికీ ఒక హద్దు ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు, ఆ వేళలో ఆరుబయట లౌడు స్పీకరు నిషిద్ధం. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, అర్ధరాత్రి పన్నెండు వరకు సడలింపు ఇవ్వవచ్చు. లౌడు స్పీకరు ఎప్పుడు వాడాలన్నా అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి.

పెళ్ళి మేళమో, దినం భోజనాల టెంటో వీధికి అడ్డంగా వేసినప్పుడు ఒక పూట సర్దుకోవడం మన అలవాటు. దానిని ఫిర్యాదు దాకా తీసుకుపోయేవారు రేపు తమ ఇంటి శుభకార్యానికి వీధిలో ఎవరినీ పిలవలేరు. అంబులెన్సు వెళ్ళేటంత దారి వదలమని ముందురోజే అడగడం ఒక్కటే ఇందులో పట్టుబట్టవలసిన విషయం. డీజే పెట్టెలు మాత్రం వేరు. కిటికీ అద్దాలు అదిరేటట్లు రాత్రి పదకొండు దాటాక మోగుతున్నప్పుడు, గుంపు మధ్యకు ఒంటరిగా వెళ్ళి వాదించడం ప్రమాదకరం. అక్కడ తాగినవారు ఉంటారు. 112కు గాని, స్థానిక పోలీసు స్టేషనుకు గాని ఫోను చేసి, స్థలం, సమయం చెప్పి, ఇంట్లో రోగులు, పసిపిల్లలు, పరీక్షలు రాసే పిల్లలు ఉంటే ఆ మాట కూడా చెప్పాలి. ఫోనులో శబ్దం కొలిచే యాప్ చూపించే అంకెకు సాక్ష్యంగా పెద్ద విలువ లేదు. గడియారం కనబడేటట్లు తీసిన వీడియోకే ఎక్కువ విలువ. ఇది రోజూ జరిగే వ్యవహారమైతే, ఉదాహరణకు పక్కనే ఉన్న వర్క్‌షాపు రంపం లేదా జనరేటరు అయితే, తేదీల పట్టికతో కలెక్టరు గారికో, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారికో రాతపూర్వక ఫిర్యాదు చేయవచ్చు.

కుక్కల విషయం క్లుప్తంగా చెబుతాను. వీధి కుక్కలను పట్టి ఊరి బయట వదిలేయమని అర్జీ పెట్టినా ఎవరూ ఆ పని చేయలేరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, తిరిగి అదే చోట వదలాలి. కాబట్టి శస్త్రచికిత్స, టీకా కోసం మీ వీధిని జాబితాలో చేర్చమని అడగాలి. కరిచే కుక్క ఉంటే దాని గుర్తులతో వేరుగా రాయాలి. కరిచినప్పుడు గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. ఫిర్యాదు తరువాతి సంగతి.

అపార్టుమెంటులో చెమ్మ

అపార్టుమెంట్ల తగవులకు ఒక ప్రత్యేకత ఉంది: అక్కడ పైవాడి నేల కిందివాడి కప్పు. పై అంతస్తు స్నానాలగది నుంచి కింది ఇంటి కప్పుకు చెమ్మ దిగినప్పుడు ఒకరు "మా పైపులు కొత్తవి" అంటారు, మరొకరు "మీ టైల్సే కారణం" అంటారు. దీనికి సులువైన పరీక్ష ఉంది. పై ఇంటివారు ఆ గదిని రెండు మూడు రోజులు పూర్తిగా వాడకుండా ఉంచి, దానికి నీరు వచ్చే వాల్వు మాత్రం తెరిచి ఉంచాలి. చెమ్మ ఆరితే లోపం నేలలోనో, మురుగు గొట్టంలోనో ఉన్నట్లు; ఆరకపోతే నీరు ఎప్పుడూ నిండి ఉండే సరఫరా గొట్టం కారుతున్నట్లు అనుమానించాలి. పరీక్ష మొదలుపెట్టినప్పుడు కప్పు మీద చెమ్మ అంచు వెంట పెన్సిలుతో గీత గీయడం మరువకూడదు.

ఎవరి ఖర్చు అన్న దానికి సాధారణంగా నడిచే పద్ధతి ఏమిటంటే, ఒక్క ఇంటికే ఉపయోగపడే గొట్టం ఆ ఇంటివారిది, నిలువునా అన్ని ఇళ్ళకూ పోయేది సంఘానిది. దీనిని సంఘం నియమావళిలో ముందే రాసుకుని, సర్వసభ్య సమావేశంలో ఆమోదించుకుని, మినిట్స్ పుస్తకంలో సంతకాలు చేయించాలి. సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే ఆ పుస్తకానికి విలువ ఉంటుంది. నమోదు కాని సంఘాలలో నిర్వహణ డబ్బు ఎగవేసినవారి నుంచి రాబట్టడం దాదాపు అసాధ్యం. కోపంతో వారి నీటి కనెక్షను కట్టేసిన సంఘాలు తామే పోలీసు స్టేషనుకు వెళ్ళవలసి రావచ్చు. లిఫ్టు వాడని కింది అంతస్తువారు లిఫ్టు ఖర్చు ఇవ్వాలా అన్నది ప్రతి భవనంలోనూ ఏడాదికి ఒకసారి తప్పక వచ్చే చర్చ. ఇల్లు కొనేనాటి కాగితాలలో ఏమి ఉన్నదో చూసి తేల్చుకోవాలి; అందులో లేకపోతే ఓటు వేసుకోవాలి.

హద్దు, కట్టడం, న్యాయస్థానం

హద్దు రాయి జరిగిందన్న తగవును పోలీసులు "ఇది సివిల్ వ్యవహారం" అని తిప్పి పంపిస్తే విసుక్కోవద్దు. కొట్లాట, బెదిరింపు ఉంటే తప్ప స్థలం ఎవరిదో తేల్చే అధికారం వారికి లేదు. పురపాలక సంఘానికి కూడా లేదు. అయితే అనుమతి పొందిన ప్లానులో వదలవలసిన ఖాళీ వదలకుండా కడుతున్నారా అన్నది తేల్చే అధికారం దానికి ఉంది. కాబట్టి "మా స్థలం ఆక్రమించారు" అని కాకుండా "ప్లాను ప్రకారం మా వైపు వదలవలసిన ఖాళీ వదలడం లేదు" అని రాస్తే అర్జీ సరైన బల్ల మీదికి చేరుతుంది. పునాది దశలోనే రాయాలి. శ్లాబు పడిన తరువాత వచ్చే అర్జీని చూసి నోటీసు ఇస్తారు, నోటీసు మీద స్టే తెస్తారు, ఆ తరువాత గృహప్రవేశానికి మనకు కూడా పిలుపు వస్తుంది.

వీధి అంతటికీ ఇబ్బంది కలిగించే అడ్డంకి, ఉదాహరణకు మురుగు పారే దారిని మట్టితో మూసేయడం వంటిది, ఏ శాఖా తొలగించనప్పుడు ఆర్డీవో గారికి అర్జీ పెట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద బహిరంగ ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం వారికి ఉంది. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షను వంటిదే. ఇద్దరు వ్యక్తుల మధ్య తగవుకు ఇది పనికిరాదు, నలుగురికీ ఇబ్బంది అని చూపించగలగాలి.

ఇద్దరి మధ్య తగవు కోర్టుకు పోక తప్పదనిపించినప్పుడు, దావా వేయకముందే కోర్టు ప్రాంగణంలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వండి. వారు రెండో పక్షాన్ని పిలిపించి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. రుసుము లేదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టే ముందు పైపు ఎవరు వేయించాలి, ఏ తేదీలోగా, ఏ సైజుది, డబ్బు ఎవరిది అన్న సంగతులన్నీ అందులో రాసి ఉన్నాయో లేదో రెండుసార్లు చదువుకోవాలి. "ఇరువురూ సామరస్యంగా ఉండగలరు" అని మాత్రమే రాసిన రాజీ తొలకరి వానకే కొట్టుకుపోతుంది. న్యాయ సలహా కోసం 15100కు ఫోను చేయవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఏ నెలలో ఏమి అడగాలన్నది కూడా డెల్టాలో తెలిసి ఉండవలసిన విషయమే. పెద్ద కాలువలు, డ్రెయిన్ల పనులు కాలువలు కట్టేసిన వేసవి రోజులలోనే జరుగుతాయి కనుక పూడిక అర్జీ ఏప్రిల్ చివరికల్లా చేరాలి. జూలైలో ఇచ్చిన అర్జీకి "నీళ్ళున్నాయి, తగ్గాక చూద్దాం" అన్న జవాబు వస్తుంది, ఆ జవాబు నిజం కూడా. చూరు గొట్టాలు, సెప్టిక్ ట్యాంకుల గురించి పొరుగువారితో మాట మే నెలలో, మేస్త్రీలు దొరుకుతున్నప్పుడు ఎత్తాలి. అక్టోబరు, నవంబరు తుపాను వానలకు ముందు, వినాయక చవితి ముగిసిన వారంలో, వీధి కాలువను మరోసారి నడిచి చూసుకుని, ర్యాంపు కింద పలకలు ఎత్తి చూడాలి. మొదట మన ఇంటి ముందువి.